మేకప్ తుడిస్తే బయటపడ్డ మచ్చ!

“సార్, మీ యాక్టింగ్ బ్రహ్మాండం. కానీ క్లోజప్‌లో మొహం మీద మచ్చలు కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయి. ఏదైనా ట్రీట్‌మెంట్ చేయించుకోకూడదూ?”

నిరుడు సంక్రాంతి వెళ్ళిన వారానికి ఓ కుర్ర డైరెక్టరు నాతో అన్న మాట యిది. టీవీ సీరియల్లో హీరోయిన్ తండ్రి వేషం. పెద్ద వేషమేమీ కాదు. అయినా యాభయ్యెనిమిదో ఏట మొహానికి రంగు వేసుకునే యోగం పట్టిందని నేను గాల్లో తేలిపోతున్నాను. ఆ ఒక్క మాటతో దబ్బున నేలమీద పడ్డాను.

యీ పేజీల్లో తారల కబుర్లు మోసుకొచ్చే మనిషిగానే మీకు నేను తెలుసు. యివ్వాళ మాత్రం తారల సంగతి కాదు, నా సొంత మొహం సంగతి చెబుతాను. “నీ మొహం మాకెందుకయ్యా?” అని పేజీ తిప్పేయకండి. యిందులో సస్పెన్సుంది, క్లైమాక్సుంది, ఓ హీరోయిన్ కూడా వుంది. కాకపోతే ఆ హీరోయిన్ వేసుకునేది పట్టుచీర కాదు, తెల్ల యూనిఫారం!

హీరో వీపుకి ఎండ... నా మొహానికి ఎండ!

మాది నెల్లూరు తీరం. మైపాడు బీచికి సైకిలు మీద పోయొచ్చేంత దగ్గర పల్లె. రమణారెడ్డి గారినీ, ఆత్రేయ గారినీ, వాణిశ్రీ గారినీ తెలుగు తెరకిచ్చిన గడ్డ మీద పుట్టాక సినిమా పిచ్చి పట్టకుండా వుంటుందా? అప్పట్లో తెలుగు సినిమా ఎక్కువగా మద్రాసులో వుండేది. నెల్లూరు నుంచి రైలెక్కితే మూణ్ణాలుగు గంటల దూరం. పంతొమ్మిదో ఏట నేనూ రైలెక్కాను. హీరో అవుదామని వెళ్ళినవాణ్ణి లైట్‌మెన్ యూనిట్లో కుదురుకున్నాను. అవుట్‌డోర్లో రిఫ్లెక్టర్ పట్టుకోవడం నా పని.

రిఫ్లెక్టర్ అంటే తెలుసుగా? వెండి కాగితం అంటించిన పలక. హీరోని సూర్యుడికి వీపు పెట్టి నిలబెడతారు. జుట్టు అంచు మీద బంగారు గీతలా వెలుగు పడుతుంది, చూడముచ్చటగా వుంటుంది. మరి మొహం చీకటైపోతుందే! దానికే యెదురుగా మేం. సూర్యుడి వెలుగుని పలక మీద పట్టి హీరో బుగ్గల మీదికి కొట్టడం మా డ్యూటీ. అంటే ఏమిటన్నమాట? హీరోకి ఎండ వీపు మీద. మాకు ఎండ మొహం మీద! అందులోనూ నేను వెలుగు సరిగ్గా పడుతోందో లేదోనని పలక పక్కనించి కుడి చెంప బయటపెట్టి తొంగిచూసే రకం.

షాటు అయిపోగానే హీరోగారి నెత్తిన గొడుగు. మా నెత్తిన ఆకాశం. అలా పద్ధెనిమిదేళ్ళు గడిచాయి. తర్వాత కలం పట్టుకుని నీడలోకొచ్చాననుకోండి. కానీ ఎండ లెక్క మర్చిపోదని నాకప్పుడు తెలియదు.

సముద్రపొడ్డున ఎండ ఒక్క పైనుంచే రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పొడి ఇసుక అతినీల కిరణాల్లో దాదాపు 15 శాతాన్ని, అలల నురగ 25 శాతాన్ని తిరగ్గొడతాయి. పల్చటి మబ్బుంటే “హమ్మయ్య, చల్లగా వుంది” అనుకుంటాం గానీ, 90 శాతం పైగా కిరణాలు ఆ మబ్బులోంచే దూరి వచ్చేస్తాయట. అద్దం కూడా పూర్తిగా ఆపదు. 2012లో ఓ అమెరికన్ వైద్య పత్రికలో ఓ లారీ డ్రైవరు ఫొటో వేశారు. 28 ఏళ్ళపాటు కిటికీ పక్కన కూచుని బండి నడిపిన 69 ఏళ్ళ పెద్దమనిషి. కిటికీ వైపున్న సగం మొహం ముడతలు పడి తాతగారిలా వుంటే, రెండో సగం తమ్ముడిలా వుంది! డబుల్ యాక్షన్ ఒకే మొహంలో చూడాలంటే ఆ ఫొటో చూడాలి.

“ఏందన్నా, పెళ్ళికొచ్చినట్టు?”

సరే, డైరెక్టరు మాటతో పౌరుషమొచ్చి నెల్లూరులో ఓ స్కిన్ క్లినిక్కి వెళ్ళాను. ‘లేజర్ పెట్టించుకుంటే మచ్చలు వారంలో మాయం’ అని ఎవరో చెప్పారు. ఆ మచ్చలతో నలుగురిలోకి వెళ్ళడం నామోషీ అనిపించి, పాత అలవాటు కొద్దీ పల్చగా పాన్‌కేక్ కొట్టుకుని మరీ వెళ్ళాను!

లోపల డాక్టరమ్మ కంటే ముందు ఓ నర్సు కనిపించింది. నలభై ఏళ్ళుంటాయి. నన్ను చూసి నవ్వేసింది.

“ఏందన్నా, పెళ్ళికొచ్చినట్టు మేకప్పు ఏసుకోనొచ్చినావే! ఇట్టా కూచో. ముందు అదంతా తుడవాల.”

“ఫరవాలేదు సిస్టర్, పైపైన వేసిందే. లేజర్‌కి అడ్డమా?”

“లేజరు సంగతి తర్వాత. ముందు నీ మొగం నాకు కనపడాలగదా!”

తడి దూదితో మొహమంతా మెల్లగా తుడిచింది. కిటికీ దగ్గర నిలబెట్టింది. ఎదురుగా, కుడివైపు, ఎడమవైపు ఫొటోలు తీసింది. రేపు మచ్చ తగ్గిందో పెరిగిందో తేలాలంటే ‘బిఫోర్’ ఫొటో లేకుండా ఎలా? కంటిన్యుటీ స్టిల్సు మనకి కొత్తా! అక్కణ్ణించి ప్రశ్నలు మొదలు. వాడే మందులేమిటి? మొటిమలకి మాత్రలు మింగావా? పెదాల మీద జ్వరపు పొక్కులు వస్తుంటాయా? దెబ్బ తగిలితే మచ్చ ఉబ్బి గట్టిపడుతుందా? షుగరుందా? మొహానికి ఏం రాస్తున్నావు?

ఆ చివరి ప్రశ్న దగ్గర నేను నీళ్ళు నమిలాను. పక్కింటాయన ఇచ్చిన ‘తెల్లబడే’ ట్యూబు ఆర్నెల్లుగా రాస్తున్నానని ఒప్పుకున్నాను. పేరు చెప్పగానే ఆమె మొహం మారింది. అందులో వుండేది స్టెరాయిడు. వారం పది రోజులు మొహం మెరిసినట్టుంటుంది. ఆ తర్వాత చర్మం పల్చబడి, ఎర్రబడి, వెంట్రుకలు మొలిచి, మందు మానితే మంట మొదలవుతుంది. యిలాంటి క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే జాబితాకెక్కించారు. అయినా చేతులు మారుతూనే వున్నాయి.

నా కుడి చెంప మీద, ముక్కు పక్కగా మిరియం గింజంత నల్లటి మచ్చొకటుంది. మిగతా మచ్చల్లో అదీ ఒకటిలే అనుకునేవాణ్ణి. సిస్టరు దాని దగ్గర ఆగిపోయింది. లైటు దగ్గరికి జరిపి చూసింది.

“గడ్డం గీసుకునేటప్పుడు ఈడ నెత్తురొస్తాదా అన్నా?”

“అప్పుడప్పుడూ... బ్లేడు తగిలి.”

“మానినట్టే మాని మళ్ళా పక్కు కడతాదా?”

“ఆఁ... కడుతుంది.”

“ఎన్నాళ్ళ నుంచి?”

ఆలోచిస్తే ఏడాది పైనే! యీ ప్రశ్నలు అంతవరకూ నన్నెవరూ అడగలేదు. నేనూ అడుక్కోలేదు. అంచు చుట్టూ ముత్యంలా సన్నటి మెరుపుందని ఆమె కాగితం మీద రాసుకుని లోపలికెళ్ళింది. రెండు నిమిషాల్లో డాక్టరమ్మ చేతిలో చిన్న భూతద్దంలాంటి పరికరంతో వచ్చేసింది.

“లేజర్ యివ్వాళ లేదండీ. ముందు యిది పరీక్షకి పంపాలి.”

యింటర్వెల్!

ఎనిమిది రోజుల సస్పెన్సు

బియ్యపు గింజంత ముక్క తీసి ల్యాబుకి పంపారు. ఎనిమిది రోజులు ఆగమన్నారు. సెన్సారు సర్టిఫికెట్టు కోసం పడిగాపులు పడే నిర్మాతలను చాలామందిని చూశాను. వాళ్ళ గుండె ఎలా కొట్టుకుంటుందో అప్పుడు తెలిసొచ్చింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. సీరియల్ వాళ్ళు ఫోన్ చేస్తే “యింకో వారం” అన్నాను.

ఎనిమిదో రోజు కబురొచ్చింది. పిగ్మెంటెడ్ బేసల్ సెల్ కార్సినోమా. చర్మ కేన్సర్లలో ఒక రకం.

‘కేన్సర్’ అన్న మూడక్షరాలు విన్నాక డాక్టరమ్మ చెప్పిందేదీ నా చెవికెక్కలేదు. ఆమె చెప్పింది చెప్పినట్టే చెప్పింది పాపం. నాకే వినపడలేదు. బయటికొచ్చి బల్ల మీద కూలబడ్డాను. అప్పుడు సిస్టరొచ్చి పక్కన కూచుంది. గ్లాసుతో మంచినీళ్ళిచ్చి, డాక్టరమ్మ చెప్పిందే మళ్ళీ మొదట్నించీ నిదానంగా చెప్పింది.

“ఇది మెల్లగా పెరిగే రకం అన్నా. ఒంట్లో ఇంకో చోటికి పోయేది బహు అరుదు. కానీ వదిలేస్తే ఉన్న చోటే తినేసుకుంటా పోతాది. నీది చిన్నదిగా ఉండంగానే దొరికింది. కోసి తీసేస్తే సరిపోతాదని అమ్మ చెప్తుండాది. ఇంట్లో వదినకి చెప్పినావా?”

చెప్పలేదన్నాను.

“అయితే రేపు వదినని తోడు తీసుకోనిరా. ఇద్దరికీ నేనే చెప్తా.”

అప్పుడడిగాను, మనసులో మెదిలే ప్రశ్న. ఆ రోజు మేకప్ తుడవకుండా, యీ మచ్చ మీద కూడా లేజర్ కొట్టేసి వుంటే?

జవాబు విన్నాక వెన్నులో చలి పుట్టింది. లేజర్ పైపొరని మాడ్చేస్తుంది. మచ్చ పోయినట్టే కనిపిస్తుంది. అడుగున వేళ్ళు మిగిలిపోతే అవి చడీచప్పుడు లేకుండా పెరుగుతాయి. పరీక్షకి ముక్క కూడా దొరకదు. అందుకే ఏమిటో తేలని మచ్చ మీద లేజర్ పెట్టకూడదన్నది మొదటి నియమం. క్రీమూ అంతే, పౌడరూ అంతే, పాన్‌కేకూ అంతే. కప్పిపెట్టడం వేరు, నయం కావడం వేరు.

వారం తిరక్కుండా ఆపరేషనయింది. ఆరు కుట్లు. అంచుల్లో ఏమీ మిగల్లేదని ల్యాబు రిపోర్టు. సీరియల్ వేషం యింకొకాయనకి వెళ్ళిపోయింది. ఆయన బాగానే చేస్తున్నాడు!

జేమ్స్ బాండూ, మన పటేల్ గారూ

మరి లేజర్ మాటేమిటంటారా? వస్తున్నా. గాయం మానాక, మిగతా ఎండమచ్చలకీ గరుకుదనానికీ చేయించుకోవచ్చని డాక్టరమ్మ అంది. కానీ వేసవి దాటాక! ఎండలో నల్లబడిన చర్మం మీద లేజర్ పెడితే కాలి మచ్చలు పడతాయి. మనలాంటి చామనచాయ వాళ్ళకి ఆ ప్రమాదం మరీ ఎక్కువ. అందుకని ఎండాకాలమంతా రోజూ సన్‌స్క్రీన్ రాయించారు. ముందుగా దవడ కింద కొద్దిగా కొట్టి, చర్మం ఎలా తట్టుకుంటుందో చూశారు. స్క్రీన్ టెస్ట్ అన్నమాట! కార్తీక మాసంలో అసలు సిట్టింగు.

మొహానికి మత్తు క్రీము పూసి గంటసేపు కూచోబెట్టారు. ఆ గంటలో సిస్టరుకి నా కబుర్లు. 1964లో వచ్చిన ‘గోల్డ్‌ఫింగర్’ సినిమాలో జేమ్స్ బాండ్‌ని బంగారు బల్లకి కట్టేసి లేజర్‌తో కోయబోతారు. చూసినవాళ్ళకి ఒళ్ళు గగుర్పొడిచింది. దానికాధారమైన నవలలో వున్నది రంపం. సినిమాకొచ్చేసరికి లేజరయింది. లోకంలో మొట్టమొదటి లేజర్‌ని మైమన్ వెలిగించింది 1960లోనే గనక అప్పటికది సరికొత్త వింత. చమత్కారమేమిటంటే, బాండ్ సినిమా వచ్చిన 1964లోనే అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ని కనిపెట్టింది మనవాడే! మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. నా మొహం మీద వాడబోయేది ఆ జాతి లేజరే.

దాని పనితీరు తమాషాగా వుంటుంది. దాని కిరణాన్ని చర్మంలోని నీరు పీల్చుకుంటుంది. ఆ క్షణంలోనే ఆవిరైపోతుంది, దాంతోపాటు ఆ కాస్త చర్మమూ పోతుంది. 2004 నుంచి ‘ఫ్రాక్షనల్’ పద్ధతి వచ్చింది. మొహమంతా ఒకేసారి కాల్చకుండా జల్లెడలా సన్నటి చుక్కలు కొడతారు. చుక్కకీ చుక్కకీ మధ్య మిగిలిన మంచి చర్మం గాయాన్ని త్వరగా మాన్పుతుంది.

“కథలు బాగుండాయన్నా. ఇంక కళ్ళు మూసుకో,” అంది సిస్టరు.

తర్వాత చూడాలి ఆమె హడావిడి! మత్తు క్రీము శుభ్రంగా తుడిచింది. కళ్ళకి కిరణం సోకకుండా ప్రత్యేకమైన కవచాలు పెట్టింది. జుట్టు చుట్టూ తడి గుడ్డ కట్టింది. స్పిరిట్ సీసా గదిలోంచి బయటికి పంపేసింది, నిప్పంటుకునే వస్తువేదీ దగ్గరుండకూడదట. తలుపు మూసి బయట హెచ్చరిక బోర్డు వేలాడదీసింది. లోపలున్నవాళ్ళంతా కళ్ళజోళ్ళు, మాస్కులు. పొగ పీల్చే గొట్టాన్ని ఒక చేత్తో నా చెంప పక్కనే పట్టుకుంది. రెండో చెయ్యి నా భుజం మీద.

“రబ్బరు బ్యాండుతో టప్ టప్‌మని కొట్టినట్టుంటాది. కదలబాక. నొప్పనిపిస్తే చెయ్యెత్తు, ఆపేస్తాం. నుదురైపోయింది... ఇప్పుడు ఎడమ చెంప... ఇంకో పది లెక్కపెట్టు...”

జుట్టు కాలిన వాసన. టప్ టప్ చప్పుడు. కళ్ళు మూసుకుని వున్నవాడికి ఆ గొంతొక్కటే తాడు. పట్టుకుని ఒడ్డుకొచ్చాను.

అసలు సినిమా యింటికొచ్చాకే!

లేజర్ పని పావుగంట. తర్వాతి పని రెండు వారాలు. ఆ పనంతా నర్సుదే. కాగితం మీద రాసిచ్చి, మా ఆవిణ్ణి కూచోబెట్టి మరీ అప్పజెప్పింది.

మొదటి రెండు మూడు రోజులు మొహం ఉబ్బుతుంది, తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి. చల్లటి గుడ్డ అద్దుకోవచ్చు. నెమ్మదిగా కడుక్కుని, రుద్దకుండా అద్దుకుని, పెట్రోలియం జెల్లీ పల్చగా రాసుకోవాలి. పొట్టు రాలుతుంది, గోకకూడదు, గీకకూడదు, లాగకూడదు. పసుపు, నిమ్మరసం, కొబ్బరినూనెలో కర్పూరం... యిలాంటి యింటి వైద్యాలేవీ వద్దు. నొప్పి తగ్గాల్సిందిపోయి పెరిగినా, చీము కనిపించినా, నీటిపొక్కులు లేచినా, జ్వరమొచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఫోన్ చెయ్యాలి.

మూడోనాడు అద్దం చూసుకుని హడలిపోయాను. మొహం రాగి చెంబు! ఫోన్ చేస్తే ఫొటో పంపమంది. చూసి, “ఇది మామూలే. మన రంగు మీద ఎరుపు కూడా ముదురుగానే కనపడతాది” అంది. మూడోవారంలో అక్కడక్కడా నల్లబడితే మళ్ళీ ఫోన్. ఈసారి రమ్మంది. డాక్టరమ్మ రాసిన క్రీముతో, మానకుండా రాసిన సన్‌స్క్రీన్‌తో కొన్ని నెలల్లో ఆ నలుపు విరిగింది. “వారంలో మాయం” అని నాకు చెప్పిన పెద్దమనిషి కనిపిస్తే బాగుండును!

యిప్పుడు నా మొహం కడిగిన పళ్ళెంలా వుందనుకుంటున్నారా? లేదు. మచ్చలు సగం పైనే తగ్గాయి, గరుకు తగ్గింది. కుడి చెంప మీద కుట్ల గీత మాత్రం మిగిలిపోయింది. దాన్ని కూడా లేజర్‌తో తేలిక చెయ్యొచ్చన్నారు. వద్దన్నాను. వుండనీయండి, గుర్తుగా.

సిస్టరు మొహాన మచ్చలు

చివరి రోజు ఓ సంగతి గమనించాను. సిస్టరు బుగ్గల మీద కూడా గోధుమరంగు మచ్చలున్నాయి. యిన్నాళ్ళూ నా మొహం గొడవలోపడి ఆమె మొహం చూడనేలేదు!

“చెల్లెమ్మా, నువ్వెందుకు చేయించుకోలేదు?”

నవ్వింది. వాళ్ళది చేపలు పట్టే పల్లె. చిన్నప్పుడు బడి లేని రోజల్లా అమ్మతో కలిసి ఇసుక మీద చేపలు ఎండేసేదట.

“నావి ఇంతటితో ఆగిపోయినాయన్నా, నీడకొచ్చినాగా. మా అమ్మ ఇప్పటికీ పొద్దన లేచి ఆ ఎండలోకే పోతాది. ఆమెకి ఏ లేజరు చేయించేది? ఈడ చేయించి పంపితే రేపు మళ్ళా చేపలు ఎండేయాల. అందుకే పెద్ద అంచు టోపీ కొనిచ్చినా. మొదట సిగ్గుపడింది. ఇప్పుడు పల్లెలో పదిమంది పెట్టుకుంటాండారు.”

నాకు నోట మాట రాలేదు. పద్ధెనిమిదేళ్ళు యితరుల మొహాల మీద వెలుగు వేశాను. నా మొహాన్ని వెలుగులో పెట్టి చూసిన మొదటి మనిషి యీమె.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! షార్ట్ ఫిల్ములనీ, రీల్సనీ ఎర్రటి ఎండలో బీచిల వెంట తిరుగుతున్నారుగా, ఓ అన్నగా చెబుతున్నాను. మేకప్ సన్‌స్క్రీన్ కాదు. ఎస్‌పీఎఫ్ 30కి తక్కువ కాకుండా వున్నది, చూపుడు వేలూ మధ్య వేలూ నిండా తీసుకుని మొహానికీ మెడకీ రాయండి. ఎండలో వున్నంతసేపూ రెండు గంటలకోసారి మళ్ళీ రాయండి. పదింటికీ నాలుగింటికీ మధ్య షూటింగు తప్పదంటే టోపీ తప్పనిసరి. రిఫ్లెక్టర్ పట్టుకున్న కుర్రాడికి కూడా ఒకటివ్వండి! నెత్తురొస్తూ, పక్కు కడుతూ, నెల దాటినా మానని మచ్చ వుంటే ట్యూబులు పూయకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

వెళ్ళేటప్పుడు మాత్రం మేకప్ తుడుచుకుని వెళ్ళండి. అందరికీ మా సిస్టరులాంటి మనిషి ఎదురవుతుందో లేదో!

అదండీ సంగతి. వచ్చేవారం మళ్ళీ తారల కబుర్లతో కలుద్దాం.